తొమ్మిదో నంబరు బనీను

సఖినేటిపల్లి రేవులో నావ నడిపే సూరిబాబు తన భార్యని పేరు పెట్టి పిలిచేవాడు కాదు. "తొమ్మిదీ!" అని కేకేసేవాడు. ఆ కేక నీళ్లమీద సాగి చాలా దూరం పోయేది. రేవుకి కొత్తగా వచ్చినవాళ్లు, "ఏం పేరయ్యా అది? మీ మావగారికి తొమ్మిదో సంతానమా?" అని వేళాకోళం చేసేవారు. సూరిబాబు గెడ ఆపి మరీ చెప్పేవాడు.

"కాదండి, మా ఆవిడ బనీను నంబరండి అది. హైదరాబాదునించి జీతాల టీమొచ్చిందండి అమలాపురం. దానిమీద ఇరవై రెండు పాయింట్లు వేసింది. నేను చూసేనండి, సైకిలు కేరేజీ మీద నిలబడి చూసేను."

నమ్మినవాళ్లు తక్కువ. ఒడ్డున నిలబడ్డ నాగమణి "ఊరుకో, నీకింకేం పని లేదా" అని కసిరేది. కసురుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

ఆ ఇరవై రెండు పాయింట్ల సంగతి ఆమె ఒక్కసారి కూచుని చెప్పింది కాదు. ఏరు దాటించే పంటు కోసం నేను ఎదురుచూస్తూ రేవులో కూచున్నప్పుడల్లా కొంచెం కొంచెంగా చెప్పింది. సగంలో "సర్లెండి, పోయినవి" అని లేచిపోయేది. మళ్లీ కలిసినప్పుడు సరిగ్గా ఆపిన చోటునుంచే ఎత్తుకునేది. ఆ ముక్కలన్నీ వరసలో పెట్టి రాస్తున్నాను.

నాగమణి తండ్రి గంగరాజు. వశిష్ఠ పాయలో లంకలకీ ఒడ్డుకీ మధ్య కొబ్బరికాయలూ మనుషులూ ఎక్కించుకుని తిరిగే నావ ఆయనది. నడక వచ్చినప్పటినుంచీ నాగమణి ఆ నావ ముందుభాగంలోనే ఉండేది. ఒడ్డు దగ్గరపడుతుంటే మోకు చివర ఉచ్చుని గట్టుమీది గుంజకి విసిరి తగిలించడం ఆమె పని. తగలకపోతే నావ నీటి పాటుకి కొట్టుకుపోయి మళ్లీ చుట్టు తిరిగి రావాలి, తండ్రి తిట్లు తినాలి.

"గుంజని చూసి వెయ్యకూడదండి," అని చెప్పింది నాతో. "నావ కదుల్తా ఉంటది కదా. మనం వేసే వేళకి గుంజ ఎక్కడుంటదో అక్కడికి వెయ్యాలి. చెయ్యి దానంతటదే నేర్చుకుంటదండి. మనం చెప్పక్కర్లేదు."

తల్లి కాలవగట్టు మిషను బాలికల స్కూలు హాస్టలుకి చేపలు వేసేది. అది రాజోలుకి ఈవల, కాలవ వంపులో ఉన్న స్కూలు. ఒకరోజు తల్లి వంటశాలలో చేపలు దింపుతుంటే, బాస్కెట్‌బాల్ ఆడుకుంటున్న పిల్లల చేతిలోంచి జారిన బంతి నాగమణి కాళ్ల దగ్గరికి వచ్చింది. నాగమణి దాన్ని తీసుకుని, ఉచ్చు విసిరినట్టే కిందనుంచి ఒంటిచేత్తో విసిరింది. కొబ్బరి దుంగకి కట్టిన ఇనప చట్రంలోంచి బంతి జారి కిందపడింది.

డ్రిల్లు మాస్టారు ప్రకాశరావుగారు ఈల నోట్లోంచి తీశారు. "ఏదీ, మళ్లీ వెయ్యి." మళ్లీ పడింది. "ఇంకోసారి." ఈసారి చట్రానికి తగిలి పక్కకి పోయింది. మాస్టారు గుండెమీద చెయ్యి వేసుకుని, "హమ్మయ్య, మనిషే!" అన్నారు.

ఆయన ఆ వారమే రేవుకి వచ్చి గంగరాజుతో మాట్లాడారు. పిల్లని స్కూల్లో చేర్పించమన్నారు. హాస్టలు వంటమనిషి అప్పలమ్మ దగ్గర పడుకుంటుంది, ఆవిడకి సాయం చేసుకుంటుంది, చదువుకుంటుంది, ఆడుతుంది.

"ఆడపిల్ల బంతాట ఆడితే ఏమొస్తదండి మాస్టారూ?" అన్నాడు గంగరాజు.

"ఉద్యోగం వస్తుంది. ఇప్పుడు ఆట బాగా ఆడేవాళ్లని పిలిచి ఉద్యోగాలిస్తున్నారు. పొద్దున్న ఆఫీసు, సాయంత్రం ఆట."

"గెంతితే జీతమా! అయితే మా నావలో మేకపిల్ల కూడా బాగా గెంతుద్దండి. దానిక్కూడా ఏదన్నా చూద్దురూ."

నవ్వుతూనే ఒప్పుకున్నాడు.

నాగమణి చేరేనాటికి స్కూలు టీముకి పెద్ద కష్టం బనీన్లు. ఎప్పుడో ఒక దొరసాని తమ దేశం వెళ్లిపోతూ ఎర్ర నంబర్లు కుట్టిన తెల్ల బనీన్లు ఒక సెట్టు తయారుచేసి ఇచ్చి వెళ్లింది. కొన్నిటిని చెద తిన్నది. కొన్ని వానల్లో బూజు పట్టాయి. చివరికి మిగిలినవి అయిదు. కోర్టులో దిగేది అయిదుగురే కాబట్టి అయిదు చాలునన్నారు పెద్ద టీచరుగారు. మార్పు కావలసి వస్తే బయటికి వచ్చే పిల్ల బనీను విప్పి లోపలికి వెళ్లే పిల్లకి ఇవ్వాలి. లోపల తెల్ల చొక్కాలు ఉండేవి, అయినా మగవాళ్లు చూస్తారని అప్పలమ్మ దుప్పటి పట్టుకుని పరిగెత్తేది. రిఫరీ ఈల వేశాడంటే చాలు, ఎక్కడున్నా దుప్పటితో హాజరు. జనం ఆటకంటే ఆవిడ పరుగుకే ఎక్కువ చప్పట్లు కొట్టేవారు. "చాల్లే, మీ అమ్మల్ని చూసి కొట్టండి చప్పట్లు!" అని ఆవిడ తిట్టేది.

స్కోరు రాసేది ప్రకాశరావు మాస్టారే. ఆట మొదలుకాకముందు అయిదు నంబర్లకెదురుగా అయిదు పేర్లు రాసేవారు. మధ్యలో బనీను చేతులు మారినా వరస మారేది కాదు. ఆ బనీనులో ఎవరుంటే వాళ్లు వేసిన పాయింట్లు ఆ నంబరు వరసలోనే పడేవి. రూలు పుస్తకం ప్రకారం నంబరు మనిషిది. మా ప్రాంతంలో నంబరు బనీనుది. ఊరికీ ఊరికీ జరిగే ఆటల్లో ఎవరు గెలిచారన్నదే అందరికీ కావాలి, ఎవరెన్ని వేశారన్నది ఎవరూ అడగలేదు.

నాగమణికి సొంత బనీను ఎప్పుడూ రాలేదు. అయిదుగురూ పెద్దింటి పిల్లలు, హాస్టలు పిల్లలు, ముందే కుదిరినవాళ్లు. ఆమె ఎప్పుడూ రెండోసారి దిగే మనిషి. ఎవరు అలిసిపోతే వాళ్ల బనీను వేసుకునేది. ఎక్కువగా దొరికేది తొమ్మిది. అది సరోజినిది.

సరోజిని ప్రకాశరావుగారి అమ్మాయి. పొడుగు, నెమ్మది. నాగమణితో ప్రాణంగా ఉండేది. లెక్కలు ఆమే చెప్పేది, తలలు ఇద్దరూ ఒకరికొకరు దువ్వుకునేవారు.

1975లో ఆ జీతాల టీము వచ్చింది. ఒక పెద్ద సంస్థలో ఉద్యోగాలు చేస్తూ ఆ సంస్థ తరఫున ఆడే ఆడవాళ్లు. ఊరూరా తిరిగి ప్రదర్శన ఆటలు ఆడుతున్నారు. ఆడి ఊరుకోవడం కాదు, కోనసీమలో ఒక మంచి పిల్లని ఏరుకుంటారట. మాస్టారు ఈ మాట హాస్టలు వసారాలో నిలబడి చెప్పారు. చెబుతున్నప్పుడు ఆయన చూపు తన కూతురి మీద కాదు, నాగమణి మీద ఉందని అప్పలమ్మ తర్వాత చాలాసార్లు చెప్పింది.

ఆట అమలాపురంలో. సున్నంతో గీతలు, చుట్టూ కొబ్బరిచెట్లు, సైకిళ్ల కేరేజీల మీద నిలబడ్డ జనం. దిగేముందు పిల్లలందరూ గుండ్రంగా నిలబడి ప్రార్థన చేశారు. నాగమణి కూడా కళ్లు మూసుకుంది.

"వాళ్ల ప్రభువుకీ చెప్పేనండి, మా అంతర్వేది స్వామికీ చెప్పేను. ఎవరో ఒకరు వింటారు కదా అని. ఇద్దరూ ఆ రెండో ఆయన చూసుకుంటార్లే అనుకున్నట్టున్నారు."

ఆట మొదలైన కాసేపటికే సరోజిని రెండు బుట్టలు వేసింది. నాలుగు పాయింట్లు. ఒక ఫౌలు. తర్వాత గెంతి దిగుతుంటే చీలమండ మడతపడింది. అప్పలమ్మ దుప్పటి తెచ్చింది. దుప్పటి వెనక సరోజిని కళ్లనీళ్లతో బనీను విప్పి ఇస్తూ, "తడిసిపోయిందే, ఏమనుకోకు" అంది.

"ఎలాగూ నా చెమట కూడా కలుస్తది. నువ్వు కూచో."

ఆ తర్వాత జరిగింది చెప్పేటప్పుడు నాగమణి గొంతు మారేది. ఎదటి టీములో పన్నెండో నంబరు ఆవిడ దేశమంతా పేరున్న మనిషట. బంతి ఆవిడ చేతికి వెళితే తిరిగి వచ్చేది కాదు. అయినా నాగమణి ఆవిడ చెయ్యి లేచేలోపు ఆ చంక కిందనుంచి దూరిపోయింది. పరిగెడుతూనే, బుట్ట ఎక్కడికి వస్తుందో అక్కడికి వేసింది. తొమ్మిది బుట్టలు. నాలుగు ఫ్రీ త్రోలు. ఇరవై రెండు. స్కోరు బల్ల దగ్గర మాస్టారు పెన్సిలు పక్కన పడేసి మైకు అందుకున్నారు. "నంబర్ నైన్... టూ పాయింట్స్! నంబర్ నైన్!" జనం కూడా అందుకున్నారు. "తొమ్మిదీ! తొమ్మిదీ!" ఒక్కరు కూడా పేరు పిలవలేదు. పేరు ఎవరికీ తెలీదు. ఆ అరిచినవాళ్లలో సూరిబాబు ఒకడు.

చివర్లో మాస్టారు బల్ల దగ్గరనుంచి చెయ్యెత్తి నాలుగు వేళ్లు చూపించారు. తొమ్మిదికి నాలుగు ఫౌళ్లు అయ్యాయి, ఇంకొకటైతే బయటికే, జాగ్రత్త అని. నాగమణి తెల్లబోయింది. తను చేసినవి మూడే. నాలుగోది బనీనుతోపాటు వచ్చింది. ఆ భయంతో చివరి నిమిషాల్లో పన్నెండో నంబరుకి అడ్డం పడలేకపోయింది.

"ఆవిడ ఫౌలు నేను మోసేనండి. నా పాయింట్లు ఆవిడ మోసింది," అని నవ్వేది ఇది చెప్పినప్పుడల్లా. ఆ నవ్వు చూడ్డానికి బాగుండేది కాదు.

యాభై ఎనిమిది, నలభై ఒకటి. ఓడిపోయారు. కానీ పన్నెండో నంబరు వేసినవి ఇరవై నాలుగు, మన తొమ్మిది వేసినవి ఇరవై ఆరు. వాళ్ల కోచ్ మేడమ్ నడిచివచ్చి నాగమణి వీపు తట్టి ఇంగ్లీషులో ఏదో అంది. నాగమణికి అందులో "నైన్" ఒక్కటే అర్థమైంది. కోచ్ మేడమ్ వెనక్కి తిరిగి తమ మేనేజరుతో కూడా అదే మాట అంది. మేనేజరు బల్ల దగ్గరికి వెళ్లి షీటు నకలు అడిగి తీసుకున్నాడు. అందులో తొమ్మిదికెదురుగా ఉన్న పేరు సరోజిని.

పిలుపు సరోజిని పేరునే వచ్చింది.

నాగమణి ఆ సాయంత్రం మాస్టారి ఇంటికి వెళ్లింది. ఆయన వసారాలో లాంతరు అద్దం తుడుచుకుంటున్నారు. ఆమెని చూసి గుడ్డ కింద పెట్టారు.

"మాస్టారండీ, ఆ తొమ్మిది నేను కదండీ."

"నువ్వేనమ్మా. నేను కాదన్నానా?"

"మరి సరోజినిని రమ్మన్నారంట."

"నేను రాసిన రాతే అది. అలవాటులో రాసుకుపోయేను. నువ్వు దిగినప్పుడు నీ పేరు వేరేగా రాయాల్సింది. రాయలేదు." ఆయన లేచి నిలబడ్డారు. "ఉన్నది ఉన్నట్టు రేపే వాళ్లకి రాస్తాను. నువ్వు నిశ్చింతగా వెళ్లి పడుకో."

ఆమె నిశ్చింతగానే పడుకుంది. మర్నాడు మాస్టారు పెద్ద టీచరుగారి గదిలోకి వెళ్లడం, వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది, పక్క వసారాలో బియ్యం ఏరుతున్న అప్పలమ్మ విన్నది.

"రాయండి మాస్టారూ," అన్నారట పెద్ద టీచరుగారు. "మా పిల్లలు ఒకళ్ల బనీను ఒకళ్లు వేసుకుని ఆడతారని రాయండి. అప్పుడు వాళ్లేమంటారు? ఈ ఆటే చెల్లదంటారు. ఇన్నేళ్లూ జిల్లా పోటీల్లో మనం గెలిచినవీ చెల్లవంటారు. సరోజినికీ రాదు, ఆ పిల్లకీ రాదు. ఇప్పుడు ఒకళ్లకైనా వస్తోంది."

మాస్టారు "ఆయ్" అన్నారట. అంతే.

అప్పలమ్మ బియ్యం చేట పక్కన పెట్టి వచ్చి నాగమణిని పట్టుకుంది. "ఒసే పిల్లా, ఆయన రాయడు. ఆయన మంచోడే. కానీ రాయడు."

సరోజిని రేవుకి వచ్చి నాగమణి చేతులు పట్టుకుంది. "అది నాది కాదని నాకు తెలీదటే? నేను ముందు వెళ్లనీ. అక్కడ కాస్త కుదురుకోగానే లోపల్నించి చెప్పి నిన్ను రప్పిస్తాను. నామీద ఒట్టు." నాగమణి ఏమంటుంది? నమ్మింది. నర్సాపురంలో రైలెక్కాలి కాబట్టి సరోజినిని పెట్టెతో సహా అవతలి ఒడ్డుకి దాటించింది గంగరాజు నావే. ఒడ్డు దగ్గరపడ్డాక మోకు విసిరి గుంజకి తగిలించింది నాగమణే. ఆ రోజు కూడా గురి తప్పలేదు.

తర్వాత ఎదురుచూపులు. మొదట్లో సరోజిని దగ్గరనుంచి కబుర్లు వచ్చేవి. ఈ ఏడు ఖాళీల్లేవు, వచ్చే ఏడు చూద్దాం అని. తర్వాత అవీ తగ్గిపోయాయి. మాస్టారు ఊరుకోలేదు, అది ఒప్పుకోవాలి. కాకినాడలో జిల్లా ఎంపికలు జరుగుతాయంటే నాగమణిని పంపిద్దామనుకున్నారు. ఇదివరకటి ఆటల్లో పిల్ల ఎన్ని పాయింట్లు వేసిందో చూపించాలన్నారు అక్కడివాళ్లు. మాస్టారు బీరువా తీసి పాత స్కోరు షీట్లన్నీ నేలమీద పరిచారు. ఎదురుగా నాగమణి.

వేలు పెట్టి వెతుక్కుంటూ పోయారు. రామచంద్రపురం ఆట. కొత్తపేట ఆట. రాయవరం ఆట. ఒక్కో ఆట నాగమణికి కళ్లకి కట్టినట్టు గుర్తుంది. ఇక్కడ గెలిపించింది నేనేనండి, ఇక్కడ చివరి రెండు ఫ్రీ త్రోలు నావేనండి అంటోంది. కాని షీటుమీద ఆ పాయింట్లు అయిదో నంబరు వరసలోనో, ఎనిమిదో నంబరు వరసలోనో, తొమ్మిదిలోనో ఉన్నాయి. ఎప్పుడూ రెండోసారి దిగిన మనిషి కదా. అన్నేళ్ల ఆటలో నాగమణి అన్న పేరుకెదురుగా ఒక్క పాయింటు లేదు. అసలు పేరే లేదు.

మాస్టారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "నేను నిన్ను ఆడించేననుకున్నానమ్మా" అన్నారు.

ఆయన సొంతమాటలతో ఒక ధ్రువపత్రం రాసిచ్చారు. కాకినాడవాళ్లు అది చెల్లదన్నారు.

ఆ తర్వాతి వానాకాలం వరద పాటులో నావ కట్టేస్తుంటే మోకు ఎదురు లాగి నాగమణి కుడిభుజం తప్పింది. నాటుకట్టు కట్టించారు. నొప్పి తగ్గింది కాని చెయ్యి భుజం ఎత్తుని మించి లేవడం మానేసింది. గంపలెత్తే పని పోయింది, మోకు విసిరే పని పోయింది. సూరిబాబు అప్పటికే గంగరాజు నావలో గెడ వేస్తున్నాడు. "చెయ్యి లేవకపోతే ఏం? మనిషి తొమ్మిదే కదా" అని పెళ్లి చేసుకున్నాడు. మాస్టారు ఎవరినో బతిమాలి ఆమెకి ఆ స్కూల్లోనే ఆయా పని ఇప్పించారు.

"మాస్టారు నాకు బంతాటమీద ఉద్యోగం ఇప్పిస్తానన్నారు కదండీ మా నాన్నకి. ఇప్పించేరు. బంతాట కోర్టు నేనే ఊడుస్తాను."

1986 ఆగస్టులో గోదావరి వచ్చి మీదపడినప్పుడు స్కూలు హాల్లో నిలువెత్తు నీళ్లు నిలిచాయి. బీరువాలు తెరిచేసరికి కాగితాలన్నీ బురద ముద్దలు. స్కోరు షీట్లు కూడా అందులోనే పోయాయి. నాగమణి ఆ ముద్దల్ని తట్టలకెత్తి బయట పోసింది. పోస్తుంటే ఆమెకి ఏడుపు రాలేదు. పైపెచ్చు ఒక ఆశ పుట్టింది. కాగితం పోయింది కదా, ఇక అడ్డం ఏముంది అని.

మరుసటి ఏడు స్కూలుకి యాభై ఏళ్ల పండగ. హాలు గోడమీది పాత పలక వరదలో కొట్టుకుపోయింది కాబట్టి కొత్త పలకమీద స్కూలు గొప్పలన్నీ మళ్లీ రాయించాలి. కాగితాలు లేవు. రిటైరైపోయిన ప్రకాశరావు మాస్టారిని కుర్చీలో కూచోబెట్టి ఆయన జ్ఞాపకాన్ని అడుగుతున్నారు. పెయింటరు బుచ్చిరాజు నిచ్చెనమీద. నిచ్చెన కదలకుండా ఎడంచేత్తో పట్టుకున్నది నాగమణి.

"బాస్కెట్‌బాల్ — ఒకే ఆటలో అత్యధిక పాయింట్లు," అని రాసి బుచ్చిరాజు కుంచె ఎత్తి పట్టుకున్నాడు. "ఎవరి పేరండి మాస్టారూ?"

మాస్టారు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటున్నారు.

"రంగు ఆరిపోద్దండి. పేరు చెప్పండి."

మాస్టారు నాగమణి వైపు చూశారు. ఆమె కూడా చూసింది. ఆ చూపులో నేను ఏమీ అడగలేదండి, ఊరికే చూసేనంతే, అంది నాతో. ఆ మాట నమ్మడం కష్టం. పన్నెండేళ్లనుంచీ అడుగుతున్నదే ఆ చూపు. ఇప్పుడు షీటు లేదు, మేనేజరు లేడు, పెద్ద టీచరుగారు కూడా కాలం చేశారు. ముసలాయన నోట్లోంచి ఒక్క పేరు రావాలి.

"షీటుమీద ఏముందో అదే రాయాలి," అన్నారాయన చివరికి.

"షీటు లేదు కదండి."

"లేకపోతే మాత్రం? రాసింది నేనే కదా. జి. సరోజిని. ఇరవై ఆరు."

బుచ్చిరాజు రాశాడు. నాగమణి నిచ్చెన వదల్లేదు. వదిలితే పడిపోతాడు కదండీ అంది.

పండగకి సరోజినిని పెద్ద అతిథిగా పిలిచారు. ఆ సంస్థలోనే ఆఫీసరైంది. కారు దిగగానే నాగమణిని వెతుక్కుంటూ వంటశాలకి వచ్చింది. నాగమణి లేచి, "రండి మేడమ్" అంది. "చంపేస్తాను, మేడమేంటే!" అని సరోజిని ఆమె పక్కన పీటమీద కూచుంది. కుశల ప్రశ్నలన్నీ అయ్యాక గొంతు తగ్గించింది.

"మొదటిరోజే కోచ్ మేడమ్ నా ఆట చూసి, నువ్వు కాదే, అంది. కాలు ఇంకా బాగవలేదండి, అందుకే ఇలా ఆడుతున్నానన్నాను. అక్కడున్నన్నాళ్లూ ఒక్క ఆటలో కూడా పది దాటలేదే నేను. ఎక్కడికెళ్లినా, ఆ ఇరవై ఆరు వేసింది నువ్వేనా, అని అడిగేవాళ్లు. అవునని తలూపి బెంచిమీద కూచునేదాన్ని." టీ గ్లాసు చేతుల్లో తిప్పింది. "నిన్ను రప్పిస్తే ఆవిడ గుర్తుపట్టేసేది. అందుకే..."

నాగమణి పొయ్యిలోకి కొబ్బరిమట్ట ఎగదోసింది. "టీ చల్లారిపోద్ది, తాగండి" అంది.

సాయంత్రం కోర్టు చుట్టూ జనం. సూరిబాబు కూడా వచ్చాడు, తెల్ల చొక్కా వేసుకుని. మైకులో సరోజిని ఇరవై ఆరు పాయింట్ల గురించి చెప్పి, ఆవిడ చేత మొదటి బంతి వేయించారు. బంతి చట్రం అంచుకి తగిలి బయటికి పోయింది. అందరూ మర్యాదగా నవ్వారు. సరోజిని నవ్వలేదు. బంతి తెప్పించుకుని మైకు దగ్గరికి వెళ్లింది.

"ఇది నాగమణి వెయ్యాలి," అంది. "నాకంటే బాగా ఆడేది. ఆ రోజు ఆటలో..." అని ఆగి తండ్రివైపు చూసింది. ఆయన తల వంచుకుని ఉన్నారు. "ఆ రోజు తను కూడా ఆడింది. రా నాగమణీ."

మంచినీళ్ల బిందెల దగ్గర ఉన్న నాగమణి చేతులు తుడుచుకుని వచ్చింది. చెయ్యి లేవదని ఆమెకి తెలుసు. తెలిసి ఎందుకు వెళ్లావమ్మా అని అడిగాను.

"బంతి చేతిలో పెట్టగానే మర్చిపోయేనండి. దేవుడిమీద ఒట్టు, లేస్తదనే అనుకున్నాను. వెనకనించి మా ఆయన 'తొమ్మిదీ!' అని అరిచేడు. జనం కూడా ఎందుకో ఏమిటో తెలీకుండానే తొమ్మిదీ అని అరిచేరు. అచ్చం ఆ రోజులాగే అనిపించింది."

చెయ్యి భుజం దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. బంతి వేళ్లలోంచి జారి ఆమె కాళ్ల దగ్గరే పడి దొర్లింది. చట్రం ఇంకా ఎక్కడో పైన ఉంది. ముందువరసలో కూచున్న ఆడపిల్లలు పకపకా నవ్వారు. వాళ్ల తప్పేం లేదు. వంటింటి ఆయా చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని బంతి వెయ్యబోయిందని నవ్వారు. మైకులో ఎవరో "ప్రయత్నించినందుకు మన ఆయమ్మకి ఒకసారి చప్పట్లు" అన్నారు. కొట్టారు. ప్రకాశరావుగారు కూడా కొట్టారు.

నాగమణి వంగి, ఎడంచేత్తో బంతి తీసి సరోజిని చేతిలో పెట్టి, బిందెల దగ్గరికి వెళ్లిపోయింది.

ఇది చెప్పిన రోజున ఆమె సగంలో లేచిపోలేదు. పంటు వచ్చి వెళ్లిపోయినా కూచునే ఉంది.

"ఇదివరకు ఎవరు నమ్మకపోయినా నాకు తెలుసు కదా అనుకునేదాన్నండి. ఇప్పుడు రాత్రిళ్లు ఆ ఆట తల్చుకుంటే ముందులా కనపడట్లేదు. బంతి విసిరినట్టు తెలుస్తది, బుట్టలో పడ్డట్టు కనపడదు. అప్పలమ్మ పోయింది. షీట్లు పోయేయి. పొద్దున్నే పలక తుడుస్తాను కదా, చదువుతా ఉంటాను. చదవగా చదవగా, ఏమో, నిజంగా సరోజినే వేసిందేమో, నేను దుప్పటి పట్టుకుని నిలబడ్డానేమో అనిపిస్తదండి ఒక్కోసారి."

"సూరిబాబు చూశాడు కదా," అన్నాను.

ఆమె నీళ్లవైపు చూసింది. నావ అవతలి ఒడ్డునుంచి తిరిగి వస్తోంది. సూరిబాబు గెడ వేస్తూ మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు.

"నాగమణీ!" అని కేకేశాడు. "అన్నం తెచ్చేవా?"

"పండగ దగ్గర్నించీ అలాగే పిలుస్తున్నాడండి," అంది ఆమె లేచి అన్నం కేరేజీ అందుకుంటూ. "జాలిపడి మానేసేడో, ఆడికీ నమ్మకం పోయిందో. నేను అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్తాడు కదండీ."

ఎడంచేత్తో కేరేజీ పట్టుకుని రేవు మెట్లు దిగింది. నావ గట్టు దగ్గరపడేదాకా ఆగింది. మోకు విసిరింది సూరిబాబే. మొదటిసారి గుంజకి తగల్లేదు. నావ కాస్త కిందికి కొట్టుకుపోయి, చుట్టు తిరిగి మళ్లీ వచ్చింది.